వరల్డ్ మ్యూజిక్ బృందంలో వాయించాలంటే ముందు బరువు ఎక్కడుందో వినాలి

వరల్డ్ మ్యూజిక్ బృందంలో, అంటే రకరకాల దేశాల సంగీతాలు వాయించే బృందంలో, నా మొదటి కచేరీకి నాకిచ్చిన వాద్యం కగాను. ఎవే జాతివాళ్ళ డ్రమ్ముల్లో అన్నిటికన్నా చిన్నది, సన్నటి రెండు కర్రలతో వాయిస్తారు. ఆ రోజు వాయించాల్సింది అగ్బాజా. ఘానా, టోగో ప్రాంతాల్లో ఒకప్పటి యుద్ధ నృత్యంలోంచి పుట్టి, ఇవాళ మంచికీ చెడుకీ అందరూ కలిసి ఆడే నృత్యం అది. అందులో కగాను వంతు చూస్తే ఏమీ లేదనిపిస్తుంది. ఒక్కో అడుగుకి మూడక్షరాలు, తకిట అనుకోండి. 'త' మీద అడుగు పడుతుంది, 'కి', 'ట' మీద రెండు దెబ్బలు. పాట అయిపోయేదాకా అంతే. తొమ్మిదో ఏట నుంచి మృదంగం వాయిస్తున్న నాకు ఇది పావుగంటలో వచ్చేసింది.

స్టేజ్ ఎక్కిన మూడు నాలుగు నిమిషాలకి నా చెవి మెల్లగా పక్కకి జరిగింది. ఖాళీగా వదలాల్సిన 'త' మాయమైపోయి, నేను కొడుతున్న మొదటి దెబ్బే 'త' అనిపించడం మొదలైంది. చేతులు సరిగ్గానే వాయిస్తున్నాయి, కానీ నాకు మాత్రం మిగతా అందరూ తప్పుతున్నట్టు వినిపించింది. సర్దుదామని ఒక అక్షరం జరిగాను. అంతే, పక్కనున్న కిది డ్రమ్ముకీ నాకూ పొంతన తెగిపోయింది. అందరికీ దారి చూపే ఇనుప గంట వాయిస్తున్న పెద్దాయన ఏమీ అనలేదు. రెండడుగులు నావైపు వేసి, గంటని నా ఎడమ చెవి పక్కన పట్టుకుని వాయించారు. చేతులు ఆపి, కాలు మాత్రం కదుపుతూ రెండు ఆవర్తాలు, అంటే గంట వరస రెండు చుట్లు, విన్నాను. అప్పుడు మళ్ళీ చేరాను.

అప్పటినుంచి ఏ కొత్త వాద్యం ముందు నిలబడినా నేర్పేవాళ్ళని మొదట అడిగేది ఒకటే: ఇందులో బరువు ఎక్కడ పడుతుంది, అంటే లయ వచ్చి వాలేది ఏ చోట? ఇలాంటి బృందంలో కొత్తగా చేరబోయేవాళ్ళకి నేను చెప్పగలిగినవన్నీ ఈ ప్రశ్న చుట్టూనే ఉంటాయి.

ఒక్కో సంగీతంలో బరువు ఒక్కోచోట

కర్ణాటక సంగీతం నేర్చుకున్నవాళ్ళకి ఆవర్తం మొదలే సమం. ఎంత దూరం తిరిగినా ముక్తాయింపు, అంటే మూడుసార్లు తిప్పి ముగించే వాయింపు, వచ్చి అక్కడో, పాట మొదలయ్యే ఎడుపులోనో వాలాలి. సినిమా పాటలు విని పెరిగినవాళ్ళకి కూడా 'ఒకటి' అంటే బలమైన దరువే. ఈ అలవాటుతో బృందంలోకి వస్తే మొదటి నెలంతా తికమక తప్పదు.

ఇండోనేషియాలోని జావా దీవిలో గాంగులు, కంచు పలకలు కలిసి మోగే వాద్యబృందం గామెలాన్. అందులో బరువు చివర ఉంటుంది. లాంచరన్ అనే చిన్న రూపం తీసుకుంటే, ఎనిమిది స్వరాల వరుసకి పెద్ద గాంగ్ ఎనిమిదో స్వరం మీద మోగుతుంది. ప్రయాణమంతా దానివైపే. ఒకటి, రెండు అని లెక్కపెడుతూ ఒకటిని నొక్కి వాయిస్తే నేర్పేవాళ్ళు వెంటనే ఆపేస్తారు. ఎనిమిది దగ్గరకి వచ్చేటప్పటికి ఊపిరి వదలడం అలవాటు చేసుకోండి. నాకు ఆ కిటుకే పనికొచ్చింది.

బ్రెజిల్ సాంబాలో లెక్క రెండు దరువులది. అన్నిటికన్నా లోతైన సుర్దో డ్రమ్ము రెండో దరువు మీద పడుతుంది. కాస్త పైశ్రుతిలో ఉండే ఇంకో సుర్దో మొదటి దరువు మీద జవాబిస్తుంది. కొత్తవాళ్ళు ఆ పెద్ద శబ్దాన్నే 'ఒకటి' అనుకుని ఒక దరువు అటూ ఇటూ అయిపోతారు. సుర్దో ముందు నిలబడి నాలుగైదు నిమిషాలు ఊరికే నడవండి. కాలు దించే తేడా ఒంటికి తెలుస్తుంది.

క్యూబా సంగీతంలో క్లావే అని రెండు కర్రముక్కలు ఉంటాయి. వాటిమీద వాయించే ఐదు దెబ్బల వరసకీ అదే పేరు. మన జతుల్లో చెప్పుకుంటే వాటిలో సోన్ క్లావే అనేది ఇలా ఉంటుంది: తకిట తకిట తకధిమి తక తకధిమి. మొత్తం 16 అక్షరాలు, ప్రతి ముక్క మొదటి అక్షరం మీద ఒక దెబ్బ. ఎవేలదే గాహు అనే నృత్యంలో గంట దీనికి తోబుట్టువులా ఉంటుంది: తకిట తకిట తకధిమి తకధిమి తక. చివరి రెండు ముక్కలు తారుమారయ్యాయి, అంతే తేడా. కానీ కాలితో నాలుగు అడుగులు వేస్తూ ఈ రెండూ చెప్పి చూడండి. క్లావే మొదటి అడుగుతోనూ నాలుగో అడుగుతోనూ కలుస్తుంది. గాహు గంట మొదటి అడుగుతో ఒక్కసారి కలిసి, తర్వాత మళ్ళీ ఆవర్తం తిరిగేదాకా ఎక్కడా కాలికి అందదు. అందుకే గాహు పడిపోతున్నట్టు, ముందుకి లాగుతున్నట్టు ఉంటుంది. రెండు అక్షరాల తేడాకి నడకే మారిపోతుంది.

ఇక అగ్బాజా గంట. 12 అక్షరాల్లో ఏడు దెబ్బలు: తక తక త, తక తక తక త. నేను దీన్ని ఎన్నో రోజులు బట్టీపట్టి వాయించాను, లోపలికి దిగలేదు. ఒక రోజు ఇంట్లో చప్పట్లతో చెప్పుకుంటుంటే తట్టింది: ముందు ఐదు, తర్వాత ఏడు. ఖండం పక్కన మిశ్రం! చిన్నప్పటినుంచి నోట్లో నలిగినవే రెండూ. ఎవేలు దీన్ని ఇలా లెక్కపెట్టరు. వాళ్ళకి అది విడదీయక్కర్లేని ఒక్క మాట. నాకు మాత్రం ఇది లోపలికి వెళ్ళే గుమ్మం అయింది. గుమ్మం దాటాక ఖండం, మిశ్రం వదిలేసి గంటని గంటలాగే వినడానికి ఇంకో రెండు నెలలు పట్టింది. మీరు తబలా, డోలు, డప్పు ఏది నేర్చుకుని వచ్చినా ఇలాంటి గుమ్మం ఒకటి దొరుకుతుంది. వాడుకోండి, కానీ అక్కడే ఆగిపోవద్దు.

ముందు నోరు, తర్వాత కాలు, ఆఖర్న చెయ్యి

ఈ వరస మార్చొద్దని నా సలహా. కొత్త అంశం ఇచ్చిన మొదటి మూడు నాలుగు రోజులు వాద్యం ముట్టుకోకుండా ఉన్నా నష్టం లేదు.

నోటితో నేర్పడం మనకొక్కరికే ఉందనుకుంటాం. జపాన్ తైకో డ్రమ్ముల్లో దీన్ని కుచి షోగా అంటారు: మధ్యలో కొడితే 'దోన్', రెండు వేగంగా కొడితే 'దొకో', అంచు మీద 'కా'. అందులో నాకు బాగా నచ్చింది 'సు'. ఆ అక్షరం దగ్గర ఏమీ కొట్టరు, ఖాళీకి పెట్టిన పేరు అది. ఖాళీని కూడా నోటితో పలికితే చెయ్యి తొందరపడదు. పశ్చిమ ఆఫ్రికా జెంబె డ్రమ్ముకి నైజీరియా డ్రమ్మర్ బాబాతుందే ఓలాతుంజి ప్రచారంలోకి తెచ్చిన పలుకుల్లో 'గున్, దున్' మధ్య దెబ్బకి, 'గో, దో' అంచు దెబ్బకి, 'పా, తా' చరుపుకి. ప్రతి జంటలో ఒకటి కుడిచేతికి, రెండోది ఎడమచేతికి. ఆయా వాద్యాన్ని దాని సొంత పలుకుతోనే నేర్చుకోండి. జెంబెని తా ధీ తోం నంలతో చెప్పుకుంటే చెయ్యి కూడా మృదంగం మీదకే పోతుంది. ఇది నేను ఒక ఏడాది తప్పుగా చేసి దిద్దుకున్న సంగతి.

నోటికి వచ్చాక నడవండి. గదిలో గుండ్రంగా తిరుగుతూ, కాలితో దరువు, నోటితో మీ వంతు. ఆ తర్వాత ఒక పరీక్ష పెట్టుకోండి: వాయిస్తూ ఎవరైనా అడిగిన చిన్న ప్రశ్నకి జవాబు చెప్పగలుగుతున్నారా? చెప్పేటప్పుడు చెయ్యి తడబడితే ఇంకా స్టేజ్‌కి సిద్ధంగా లేనట్టే. ఎందుకంటే అక్కడ మాట్లాడకపోయినా బృందాన్ని నడిపే లీడ్ డ్రమ్మర్ చేతిని చూడాలి, నాట్యం చేసేవాళ్ళని చూడాలి, పాట అందుకోవాలి.

మరీ నెమ్మదిగా ప్రాక్టీస్ చేయొద్దంటాను. ఒంటరిగా వాయించే కష్టమైన జతికి నెమ్మది మంచిదే. ఇద్దరి ముగ్గురి దెబ్బలు కలిసి ఒక పాటగా వినిపించాల్సిన చోట మాత్రం, కాలం బాగా తగ్గిస్తే ఆ పాటే విడిపోతుంది. హాయిగా నడవగలిగేంత వేగం చాలు.

జెంబె మీద చెయ్యి

చాలా బృందాల్లో కొత్తవాళ్ళకి మొదట ఇచ్చేది జెంబెనే కాబట్టి దీని గురించి కాస్త వివరంగా చెప్తాను. మాలి, గినీ ప్రాంతాల మాందే ప్రజల వాద్యం ఇది. ఒకే దుంగని గిన్నెలా తొలిచి, మేకచర్మం బిగించి, తాళ్ళతో శ్రుతి చేస్తారు. మూడు నాదాలు.

మధ్య దెబ్బకి అరచెయ్యి మొత్తం చర్మం మధ్యకి దగ్గరగా పడాలి. చేతి బరువుతో పడనివ్వండి, నెట్టొద్దు. పడగానే బంతిలా లేచిపోవాలి. అంచు దెబ్బకి అరచేతిలో వేళ్ళ మొదళ్ళు అంచు మీదకి వస్తాయి, వేళ్ళు నాలుగూ దగ్గరగా, నిండుగా చర్మాన్ని తాకుతాయి. బొటనవేలు దూరంగా, అంచుకి తగలకుండా. చరుపుకి చెయ్యి దాదాపు అక్కడే ఉంటుంది, కానీ వేళ్ళు వదులవుతాయి, కొసలు మాత్రమే చర్మం మీద చురుక్కున తగులుతాయి. అంచు దెబ్బకీ చరుపుకీ మధ్య తేడా బలంలో లేదు, వేళ్ళ వదులులో ఉంది. గట్టిగా కొడితే చరుపు వస్తుందనుకుని వేళ్ళు వాచేలా కొట్టేవాళ్ళని చాలామందిని చూశాను. చెయ్యి నొప్పెడుతుంటే ఆగి, మెల్లగా, మూడు నాదాలూ విడివిడిగా వినబడేలా వాయించండి.

మృదంగం వాయించేవాళ్ళకి ఇంకో చిక్కు ఉంది. మన వేళ్ళు చర్మం మీద నొక్కిపట్టి నాదాన్ని ఆపడానికి అలవాటుపడ్డాయి. జెంబె మీద చెయ్యి ఆగితే శబ్దం చచ్చిపోతుంది. మొదటి వారం నా కుడిచూపుడువేలు ఒక్కటే ముందుకి వచ్చి కొట్టేది. మిగతా మూడింటితో కలిపి దానికి సన్నటి గుడ్డ చుట్టి ప్రాక్టీస్ చేశాక దారికొచ్చింది.

ఉంగరాలు, గాజులు, వాచీ తీసేయండి. చర్మం చిరుగుతుంది, వేలూ కోసుకుంటుంది.

చిన్న వంతు

జెంబె చేతికి రాగానే అందరికీ సోలో మీద మనసు పోతుంది. కానీ మాందే సంగీతంలో ఇది ఏ లయ అని చెప్పేది జెంబె కన్నా ఎక్కువగా దున్దున్‌లనే డ్రమ్ములు. కెంకెని, సంగ్బన్, దున్దున్బా అని చిన్న, మధ్య, పెద్ద మూడు. వాటి మూడింటి దెబ్బలూ కలిసి ఒక రాగంలా వినబడతాయి. జెంబెల వెనక వాయింపు చాలా లయల్లో ఒకేలా ఉంటుంది. కొత్త అంశం వస్తే ముందు దున్దున్‌ల పాట నోటితో పాడగలగాలి, ఆ తర్వాతే మీ జెంబె వంతు. నేను ఇప్పటికీ ఇలాగే నేర్చుకుంటాను.

వాయించేటప్పుడు ఎంత గట్టిగా అన్నదానికి ఒక కొలత చెప్తాను. గంట మీకు వినబడుతోందా? వినబడకపోతే మీరే తగ్గండి. బృందంలో ప్రతి ఒక్కరూ ఈ ఒక్క పని చేస్తే సౌండ్ మనిషికి పని సగం తగ్గుతుంది.

గామెలాన్‌లో ఈ వినడం ఇంకోలా ఉంటుంది. సరోన్ అనే కంచు పలకల వాద్యం మీద కుడిచేతిలో చిన్న సుత్తి. కొత్త పలక కొట్టే క్షణంలోనే, అంతకుముందు కొట్టిన పలకని ఎడమచేతి వేళ్ళతో పట్టుకుని ఆపాలి. ముందే ఆపితే మధ్యలో గండి పడుతుంది, ఆలస్యమైతే రెండు స్వరాలూ కలిసి బురద అయిపోతాయి. ఎడమచెయ్యి ఎప్పుడూ ఒక స్వరం వెనక నడుస్తుంది. మొదటిసారి అది సరిగ్గా కుదిరినప్పుడు పన్నెండు మంది వాయిస్తున్నా ఒకే మనిషి పాడుతున్నట్టు వినబడింది. ఆ సాయంత్రం నాకు ఇంటికి వెళ్ళాలనిపించలేదు.

పిలుపులు, దారి తప్పడం

ప్రతి సంప్రదాయంలో మొదలుపెట్టడానికీ ఆపడానికీ ఒక పిలుపు ఉంటుంది. జెంబె బృందంలో లీడ్ ఒక చిన్న పదం వాయిస్తారు, అది అయిన వెంటనే అందరూ మొదలు. ఆపేటప్పుడూ అంతే. సాంబాలో రెపినికె డ్రమ్ము పిలుస్తుంది, మెస్త్రె, అంటే బృందాన్ని నడిపేవారి, చేతి సైగలూ ఈలా ఉంటాయి. గామెలాన్‌లో కెందాంగ్ డ్రమ్ము కాలాన్ని నెమ్మదిగా పెంచుతుంది, తగ్గిస్తుంది, దాన్నే పట్టుకుని పోవాలి. ఈ పిలుపులు మీ వంతు కన్నా ముందే నేర్చుకోండి. వంతులో ఒక దెబ్బ తప్పితే ఎవరికీ తెలియదు. పిలుపు తప్పితే హాలంతటికీ తెలుస్తుంది.

దారి తప్పితే ఏం చేయాలి? చేతులు ఆపండి. కాలు ఆపొద్దు. పక్కవాళ్ళ చేతులు చూడొద్దు, ఎందుకంటే వాళ్ళ దెబ్బ మీ దెబ్బ పడాల్సిన చోట పడదు, చూస్తే ఇంకా దూరం పోతారు. గంట ఎక్కడుందో వినండి. ఒక పూర్తి ఆవర్తం నోట్లో మీ వంతు చెప్పుకుని, తర్వాత ఆవర్తంలో చేరండి. టెన్షన్‌లో ఆ పది సెకన్లు గంటసేపులా అనిపిస్తాయి. చూసేవాళ్ళకి మాత్రం మీరు వింటున్నట్టే కనబడుతుంది. నిజానికి అప్పుడు చేస్తున్నది అదే.

కచేరీ రోజు

గంట అందరికీ వినబడేలా మధ్యలో ఉండాలి. దున్దున్‌లు వెనక, జెంబెలు అర్ధచంద్రంగా ముందు. ఒక అంశం నుంచి ఇంకో అంశానికి వాద్యాలు మారేవాళ్ళు ఆ మార్పుని కూడా రిహార్సల్ చేయాలి: ఎవరు ఏ స్టాండ్ తీస్తారు, కర్రలు ఎక్కడుంటాయి, అన్నీ. మేము వాయింపు బాగా సాధన చేసి, వాద్యాలు మార్చడానికే నాలుగు నిమిషాలు తీసుకున్న కచేరీ ఒకటి ఉంది. జనం లేచిపోయారు.

మేకచర్మం తేమకి వదులవుతుంది, స్టేజ్ లైట్ల వేడికి బిగుసుకుంటుంది. అందుకే వాద్యాల్ని కచేరీకి గంటసేపు ముందే స్టేజ్ మీద పెట్టి, ఆఖరి పది నిమిషాల్లో శ్రుతి చూసుకోవాలి.

చెవులు. ఈ సంగతి సిగ్గుపడకుండా పట్టించుకోండి. అమెరికాలో పనిచోటి ఆరోగ్యం చూసే నియాష్ సంస్థ లెక్క ప్రకారం 85 డెసిబెల్స్ శబ్దంలో రోజుకి 8 గంటలు ఉండొచ్చు. ఆపైన ప్రతి 3 డెసిబెల్స్‌కి ఆ సమయం సగమవుతుంది. 100 దగ్గర మిగిలేది 15 నిమిషాలే. మూసిన గదిలో సాంబా, తైకో రిహార్సల్ ఆ స్థాయికి సులువుగా చేరుతుంది. సంగీతకారుల కోసం చేసిన ఇయర్‌ప్లగ్స్ పెట్టుకుంటే నాదం స్పష్టంగానే వినబడుతుంది.

ఎవరి ఇంట్లో ఉన్నామో గుర్తుపెట్టుకోవడం

గామెలాన్ దగ్గర చెప్పులు విప్పుతారు, వాద్యాల మీంచి దాటరు. దీంట్లో మనకి ఎవరూ ప్రత్యేకంగా నేర్పాల్సింది లేదు, వాద్యానికి కాలు తగిలితే కళ్ళకద్దుకునేవాళ్ళం. కానీ పరిచయం మాటల దగ్గర చాలా బృందాలు అజాగ్రత్తగా ఉంటాయి. "ఇప్పుడు ఆఫ్రికన్ డ్రమ్స్" అని మైకులో చెప్పకండి. ఎవేల అగ్బాజా అనండి, గినీ నుంచి వచ్చిన లయ అనండి. మృదంగాన్నీ డోలునీ కలిపి "ఏషియన్ డ్రమ్స్" అంటే మనకి ఎలా ఉంటుందో అలాగే ఉంటుంది వాళ్ళకీ.

"వేల ఏళ్ళ నాటి సంప్రదాయం" అని ప్రతిదానికీ తగిలించడం కూడా మానాలి. తైకో డ్రమ్ము చాలా పాతదే. కానీ రకరకాల సైజుల తైకోలు పెట్టి బృందంగా వేదిక మీద వాయించే ఈ పద్ధతిని 1951లో మొదలుపెట్టింది దైహాచి ఒగుచి అనే జాజ్ డ్రమ్మర్. జెంబె కచేరీ రూపం కూడా అంతే. 1958లో గినీకి స్వాతంత్ర్యం వచ్చాక లే బాలే ఆఫ్రికైన్ అనే నాట్య బృందం ఆ దేశపు జాతీయ బృందమై ప్రపంచమంతా తిరిగింది. ఊళ్ళో నాట్యంతో కలిసి ఉండే వాయింపు అలాంటి బృందాలతోనే వేదికకి తగ్గట్టు మారింది. ఈ నిజాలు చెప్తే జనం ఇంకా శ్రద్ధగా వింటారు, నేను చూశాను.

ఇలాంటి బృందాలకి విశ్వవిద్యాలయాల్లో బలం చేకూర్చిన అమెరికా సంగీత పండితుడు మాంటిల్ హుడ్ 1960లో రాసిన వ్యాసంలో, పరాయి సంగీతాన్ని చదివేవాళ్ళు దాన్ని వాయించగలగాలి కూడా అని వాదించారు. 1963లో మృదంగ విద్వాంసులు టి. రంగనాథన్ అమెరికాలోని వెస్లియన్ విశ్వవిద్యాలయానికి వెళ్ళి అక్కడి విద్యార్థులకి నేర్పారు. పరాయి చేతులు మన వాద్యం మీద ఓపిగ్గా కూర్చున్న ఆ రోజులు తలుచుకుంటే, వాళ్ళ వాద్యం మీద మనం ఎంత ఓపిగ్గా కూర్చోవాలో తెలుస్తుంది.

రెండో ఏడు మా బృందంలో అగ్బాజా చివర నన్ను మృదంగం మీద ముక్తాయింపు వేయమన్నారు. చప్పట్లు బాగా పడతాయని అందరికీ ఉత్సాహం. నేను ఒప్పుకోలేదు. మూడుసార్లు తిప్పి సమంలో వాలిస్తే, అంతసేపూ గంట కట్టిన బరువంతా ఒక్కచోటికి లాక్కొచ్చినట్టు అవుతుంది. దాని బదులు వేరే అంశం ఒకటి కొత్తగా చేసుకున్నాం. ఖండం, మిశ్రం పక్కపక్కన పెట్టి నేను మృదంగం, దానిమీద ఒకరు గంట, ఇంకొకరు కాంగా డ్రమ్ము. అది ఎవరి సంప్రదాయమూ కాదు, మాది అని మైకులో చెప్పే మొదలుపెడతాం.

కచేరీ అయ్యాక రికార్డింగ్ మర్నాడు వినండి, అదే రాత్రి వద్దు. మొదటిసారి మీ వంతు వినకుండా గంట మాత్రమే వినండి. ఎక్కడ వేగం పెరిగిందో నిమిషం, సెకను రాసుకోండి. మా రికార్డింగుల్లో అది దాదాపు ప్రతిసారీ నాట్యం చేసేవాళ్ళు వేదిక మీదకి వచ్చే చోటే ఉంటుంది. వచ్చే ప్రాక్టీస్ అక్కడినుంచి మొదలుపెడతాం.